ఆ పేజీ ఉందో లేదో మీరే తెరిచి చూడండి

గౌరవనీయులైన రక్షణ మంత్రి గారికి, భారత సైన్యం అడ్జుటెంట్ జనరల్ గారికి,

జైహింద్. నాలుగు శిక్షలు పడ్డాయన్న కారణంతో, విచారణ చెయ్యకుండా సైన్యం నుంచి పంపేసిన జవాన్ల ఫైళ్ళు మళ్ళీ తెరిచి చూడమని అడగడానికి ఈ ఉత్తరం.

నేను ఫౌజులో 24 ఏళ్ళు క్లర్కుగా చేసి హవల్దారుగా పింఛను మీద వచ్చినవాణ్ణి. రైఫిల్ కంటే టైపు మిషనే ఎక్కువ పట్టుకున్నాను, అందులో దాచుకోవలసిందేమీ లేదు. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా ఊళ్ళోనే ఉంటున్నాను. పొద్దున్న జీడితోటలో పని, సాయంత్రం అరుగు మీద కాగితాల పని. స్పర్శ్‌లో (సైనిక పింఛన్ల ఆన్‌లైన్ పద్ధతి) పింఛను ఆగిందనీ, పీపీవోలో (పింఛను మంజూరు కాగితంలో) భార్య పేరుకి ఒక అక్షరం ఎగిరిపోయిందనీ, లైఫ్ సర్టిఫికెట్‌కి వేలిముద్ర పడటం లేదనీ మాజీ సైనికులు వస్తుంటారు. రాసిపెడతాను. డబ్బులు పుచ్చుకోను. గుప్పెడు జీడిపప్పు తెస్తే మాత్రం కాదనను.

కిందటి సంక్రాంతి వెళ్ళిన వారానికి పక్క ఊరి కుర్రాడు వచ్చాడు. కుర్రాడంటే నాకు కుర్రాడు, నలభైకి దగ్గర పడ్డాడు. విశాఖలో ఏటీఎం దగ్గర వాచ్‌మన్. చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో పాత టవల్లో చుట్టిన డిశ్చార్జి పుస్తకం, ఫౌజు నుంచి పంపేటప్పుడు ఇచ్చేది. పెళ్ళి శుభలేఖ ఇస్తున్నట్టు రెండు చేతులతో అందించాడు.

"అన్నయ్యా, ఈ గడిలో ఏటి రాసున్నాదో తెలుగులో సెప్పవా? పెన్సన్ రాదని తెలుసు. ఏజెన్సీవోడు ఇది సూసినప్పుడల్లా మొకం మార్సేస్తన్నాడు."

డిశ్చార్జికి కారణం అన్న గడి అది. ఆర్మీ రూల్ 13(3), మూడో వర్గం, ఐదో అంశం. దాని పక్కన ఇంగ్లీషులో 'సర్వీసెస్ నో లాంగర్ రిక్వైర్డ్'.

"నీ సేవలు ఇంక అక్కర్లేదు అని" అన్నాను.

పుస్తకం వంక చూస్తూ కాసేపు కూర్చున్నాడు. "అక్కర్లేదంటే... ఎవులికన్నయ్యా?"

నాకు నోట మాట రాలేదు. ఆ ముక్క నా సర్వీసులో నేనే చాలాసార్లు టైపు కొట్టాను. ఒక్కసారీ తెలుగులో అనుకుని చూడలేదు.

అయ్యా, 1950 నాటి ఆర్మీ చట్టంలో సెక్షన్ 23 అని ఒకటుంది. డిస్మిస్ అయినా, డిశ్చార్జి అయినా, రిటైరైనా, సైన్యం నుంచి బయటకు వెళ్ళే ప్రతి జవానుకీ కమాండింగ్ ఆఫీసరు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలంటుంది. ఎవరి అధికారంతో పంపారు, ఏ కారణంతో పంపారు, ఎంతకాలం పనిచేశాడు అన్నవి అందులో ఉండాలి. అది ఆ జవాను మాతృభాషలోనూ, ఇంగ్లీషులోనూ ఉండాలి. మాతృభాష అన్న మాట చట్టంలోనే ఉంది, నేను కలిపింది కాదు. నా 24 ఏళ్ళలో తెలుగులో రాసిన డిశ్చార్జి సర్టిఫికెట్ ఒక్కటి కూడా నా కళ్ళబడలేదు. నేనూ ఒక్కటీ తయారు చెయ్యలేదు. అడిగినవాడూ లేడు, అడగొచ్చని వాడికి చెప్పినవాడూ లేడు.

ఇతని సంగతి చెబుతాను. పేరు రాయను, రెజిమెంటు కూడా రాయను. ఏ ఒక్క పల్టన్ మీదా పితూరీ కాదిది.

2007 జులైలో భర్తీ అయ్యాడు. 2021 మార్చిలో పంపేశారు. అంటే 13 ఏళ్ళ 8 నెలలు. జవానుకి పింఛను రావాలంటే 15 ఏళ్ళ సర్వీసుండాలని మీకు తెలుసు, చదివేవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇంకో 16 నెలలు ఉండి ఉంటే ఇల్లు గడిచేది.

కాండక్ట్ షీట్‌లో ఎర్ర సిరా ఎంట్రీలు నాలుగు. బయటివాళ్ళకి ఇది కొత్తగా ఉంటుంది. చిన్న తప్పుకి పడిన చిన్న శిక్షని నల్ల సిరాతో ఎక్కిస్తారు, జైలు లాంటి పెద్ద శిక్ష పడితే ఎర్ర సిరాతో ఎక్కిస్తారు. టోపీ, బెల్టు తీయించి సీవో సాబ్ (కమాండింగ్ ఆఫీసరు) ముందు పేషీకి మార్చ్ చేయిస్తారు. ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. సెక్షన్ 80 కింద సీవో 28 రోజుల వరకూ సైనిక కస్టడీలో జైలు శిక్ష వెయ్యొచ్చు. వకీలు ఉండడు.

మొదటిది 2010. తాగి లంగర్‌లో (ఫౌజు వంటశాలలో) వంటవాణ్ణి కొట్టాడు. తప్పే. నేను సీవోనైనా శిక్ష వేసేవాణ్ణి.

రెండోది 2014. భార్య పురుడని వచ్చి, సెలవు అయిపోయాక ఇంకో ఐదు రోజులు ఉండిపోయాడు.

మూడోది 2018. ఆ అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రోజు ఇతను సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. ఉద్దానంలో ఆ తెల్లవారుజాము చూసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. తాత నాటిన కొబ్బరి చెట్లు వరసగా తలకిందులుగా పడున్నాయి, జీడిమామిళ్ళు వేళ్ళతో సహా లేచిపోయాయి. ఇంటి పైకప్పు పక్కవాళ్ళ పెరట్లో దొరికింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. 19 రోజులు ఆలస్యంగా యూనిట్‌కి చేరాడు. సెక్షన్ 39, సెలవు గడువు దాటి ఉండిపోవడం. "సరైన కారణం లేకుండా" అని ఆ సెక్షన్ అంటుంది. తుపాను కారణమని చెప్పాట్ట. తహసీల్దారు దగ్గర్నుంచి కాగితం తెచ్చావా అన్నార్ట. తహసీల్దారు ఆఫీసుకే కప్పు లేని రోజులవి సాబ్ అందామనుకుని, అనలేదట.

నాలుగోది 2020. పోస్టులో మొబైల్ వాడాడు. తల్లికి డయాలసిస్ మొదలైన నెల అది. ఉద్దానం పేరు దేశమంతా తెలిసింది జీడిపప్పు వల్ల కాదు, కిడ్నీ జబ్బు వల్ల. మొబైల్ తప్పే, పోస్టులో అది ప్రాణాల మీదకి తెస్తుంది. కాదనను.

నాలుగు పడగానే షోకాజ్ నోటీసు. ఇంగ్లీషులో. జవాబు ఇతనికి రాయడం రాదు. పక్క బ్యారక్ స్నేహితుడెవరో హిందీలో రాసిపెట్టాడు. ఆ కాపీ కూడా కవర్లో ఉంది, నాలుగే లైన్లు: "గల్తీ హో గయీ సాబ్, మాఫ్ కర్ దీజియే, ఆగే సే నహీ హోగా." దయ చూపించమని రాసిన మాట, తప్పు ఒప్పుకున్న మాటగా ఫైలెక్కింది. తుపాను లేదందులో, డయాలసిస్ లేదు. పురుడు కూడా లేదు.

ఇప్పుడు నా సంగతి. ఇది ఒప్పుకోకుండా పై మాటలన్నీ రాసే హక్కు నాకు లేదు.

ఇలాంటి డిశ్చార్జి ఎలా చెయ్యాలో 1988 డిసెంబరు 28న సైనిక ప్రధాన కార్యాలయం ఒక ఉత్తరువు ఇచ్చింది. ముందు ప్రాథమిక విచారణ జరపాలి. జవాను చెప్పేది అందులో వినాలి. ఆ తర్వాతే షోకాజ్ నోటీసు. నాలుగు ఎర్ర సిరా ఎంట్రీలు పడ్డాయి కదా అని పంపెయ్యడం తప్పనిసరి కాదని అందులోనే ఉంది. ప్రతి ఎంట్రీ ఎలాంటి తప్పుకి పడిందో చూడమంది. పింఛనుకి దగ్గర పడ్డవాడి పట్ల కఠినంగా ఉండొద్దంది. ఎంతకాలం చేశాడు, ఎలాంటి కష్టమైన చోట్ల చేశాడు అన్నది లెక్కలోకి తీసుకోమంది. ఇంత దయగా రాసిన ఉత్తరువు ఫౌజు ఫైళ్ళలో నేను ఇంకోటి చూడలేదు.

ఆ విచారణ పేజీ లేని ఫైళ్ళు నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఒకసారి ఉండబట్టలేక మా హెడ్ క్లర్కు సాబ్‌ని అడిగాను, ఇందులో ఇంక్వైరీ కాగితం లేదేం సాబ్ అని. "నాలుగు లాల్ సిరాలున్నాయిగా బాబూ, ఇంకేం కావాలి?" అన్నాడు. ఆయనా చెడ్డవాడు కాదు. పై ఆఫీసుకి లెక్కల రిటర్ను పంపాల్సిన రోజది. నేను టైపు చేశాను. ఆ జవానుది మనకి అటు చివర రాష్ట్రం, ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో నంబరూ పేరూ రాసుకున్నాడు. గేటు దగ్గర నాకు సలాం కొట్టి మరీ వెళ్ళాడు. క్లర్కుకి సలాం కొట్టాల్సిన పనిలేదు వాడికి.

2015 అక్టోబరులో వీరేంద్ర కుమార్ దూబే కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది. నాలుగు ఎంట్రీలున్నాయన్న ఒక్క కారణంతో, విచారణ లేకుండా పంపడం చెల్లదంది. ఆయన పింఛనుకి కావలసిన సర్వీసు పూర్తయ్యేదాకా కొలువులో ఉన్నట్టే లెక్కగట్టమంది. పాత జీతం ఇవ్వక్కర్లేదు, పింఛను మాత్రం ఇవ్వమంది. అలాగని ఎర్ర సిరా ఉన్న ప్రతివాడూ గెలవడు. 2019లో సత్‌గుర్ సింగ్ కేసులో అదే కోర్టు డిశ్చార్జి సబబేనంది. అదీ న్యాయమే. ఎవరి ఫైలు వాళ్ళది.

నా మనవి ఒక్కటే. విచారణ పేజీ లేకపోతే డిశ్చార్జి నిలవదని దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టు చెప్పింది. మరి ఆ పేజీ ఉందో లేదో తెలిసింది ఎవరికి? వాచ్‌మన్‌కి తెలియదు. ఫైలు రికార్డ్ ఆఫీసు బీరువాలో ఉంది. తాళంచెవి మీ దగ్గరుంది. పేజీ లేదని రుజువు చేసే భారం మాత్రం అతని మీద, అదీ కోర్టుకెళ్ళి.

కోర్టంటే సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007లో చట్టం వచ్చింది, 2009లో మొదలైంది. మంచి పని. సికింద్రాబాదులో అంత పెద్ద కంటోన్మెంటుంది, విశాఖలో తూర్పు నౌకాదళ కేంద్రముంది, మన రెండు రాష్ట్రాల వాళ్ళు పోవాల్సిన శాశ్వత బెంచ్ మాత్రం చెన్నైలో ఉంది. పలాస స్టేషన్‌లో ఎక్కితే 900 కిలోమీటర్ల పైమాటే. ఆఖరి ఆర్డరొచ్చిన ఆర్నెల్లలో వెయ్యాలన్న గడువొకటి. ఆలస్యాన్ని మన్నించొచ్చు, కానీ మన్నించమని అడగడానికీ వకీలు కావాలి. ఏటీఎం దగ్గర 12 గంటల డ్యూటీ చేసేవాడు వాయిదా వాయిదాకీ చెన్నై వెళితే ఆ నెల జీతం రైలుకీ వకీలుకీ చాలదు.

ఆ జీతం మాట కూడా చెప్పాలి. డీజీఆర్ (మాజీ సైనికుల పునరావాస విభాగం) జాబితాలో ఉన్న సెక్యూరిటీ ఏజెన్సీల్లో మాజీ సైనికుడికి ఒక రేటుంటుంది. ఇతనికి ఆ రేటు రాదు. ఎందుకంటే కాగితం లెక్కలో ఇతను మాజీ సైనికుడే కాదు. 2012లో సవరించిన నిర్వచనం ప్రకారం, దుష్ప్రవర్తన వల్లో అసమర్థత వల్లో డిశ్చార్జయినవాడు ఆ మాటకి అర్హుడు కాడు. క్యాంటీన్ కార్డు లేదు, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) లేదు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు లేదు. పిల్లల ఫీజుకి స్కాలర్‌షిప్ ఫారం ఇవ్వమని అడిగితే పుస్తకం చూసి తిరిగిచ్చేశార్ట. తల్లి డయాలసిస్ మాత్రం జరుగుతోంది. రాష్ట్ర ప్రభుత్వం నెలనెలా పింఛనిస్తోంది, పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. ఉన్నమాట చెప్పుకోవాలి. కానీ 13 ఏళ్ళు సరిహద్దులో నిలబడ్డ కొడుకు పేరు మీద ఆమెకి ఒక్క మాత్ర కూడా రాదు. ఊళ్ళో వాళ్ళకి మాత్రం ఇతను ఇప్పటికీ మిలటరీ అబ్బాయే. గ్రామదేవత పండగకి ముందు వరసలో నిలబెడతారు. ఆ రోజుల్లో డ్యూటీ పడిందని చెప్పి ఊరు రావడం మానేశాడు.

క్రమశిక్షణ లేకపోతే ఫౌజు ఫౌజు కాదని మీరంటారు. నేనూ అంటాను. గార్డు డ్యూటీలో తాగినవాడు పదిమంది ప్రాణాలు తాకట్టు పెట్టినట్టే. దొంగతనం చేసినవాణ్ణి, ఆడవాళ్ళ మీద చెయ్యి వేసినవాణ్ణి, ఆయుధంతో పారిపోయినవాణ్ణి గురించి నేను రాయడం లేదు, వాళ్ళ పుస్తకంలో ఉన్న మాట ఉండనివ్వండి. నేనడిగేది మీరు పెట్టిన రూలే మీరు పాటించారా అని. 19 రోజులు ఆలస్యమైన జవానుకి శిక్ష వేశారు. ఒక పేజీ రాయని ఆఫీసుకి ఏం పడింది?

ఇందులో ఇంకో మెలిక ఉంది. సరిహద్దు పోస్టింగు నుంచి వచ్చాక నిద్రపట్టక తాగే కుర్రాళ్ళని చూశాను. అర్ధరాత్రి లేచి బూట్లు తొడుక్కుని మంచం మీద కూర్చునేవాడొకడు ఉండేవాడు, నా పక్క బ్యారక్‌లోనే. అలాంటివాణ్ణి ఎవరో పుణ్యాత్ముడు ఆసుపత్రికి పంపి, మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని పంపిస్తే వైకల్య పింఛనుకి దారి ఉంటుంది. భర్తీ అప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాడికి తర్వాత జబ్బొస్తే అది సర్వీసు వల్ల వచ్చిందనే మొదట అనుకోవాలని 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే మనిషి ఆసుపత్రి గుమ్మం ఎక్కకుండా పేషీ గుమ్మం ఎక్కితే ఎర్ర సిరా. ఏ గుమ్మం ఎక్కాలో ఆ కుర్రాడు ఎంచుకోలేదు, ఆ రోజు డ్యూటీలో ఉన్న సుబేదారు ఎంచాడు.

అమెరికాలో 1944 నుంచే దీనికి రివ్యూ బోర్డులున్నాయి. అక్కడ డిశ్చార్జి ఐదు రకాలు, గౌరవప్రదం నుంచి అగౌరవం దాకా. జనరల్ కోర్ట్ మార్షల్ అనే అక్కడి పెద్ద సైనిక కోర్టు వేసిన డిశ్చార్జి కాకపోతే, 15 ఏళ్ళలోపు ఒక ఫారం నింపి నా డిశ్చార్జి మార్చండి అని అడగొచ్చు. ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. యుద్ధం వల్ల మనసు చెదిరి తప్పు చేసినవాళ్ళ దరఖాస్తుల్ని ఉదారంగా చూడమని 2014లో అక్కడి రక్షణ మంత్రి, సైనిక రికార్డులు సరిదిద్దే బోర్డుల కోసం ఉత్తరువు ఇచ్చాడు. అడిగిన ప్రతివాడికీ మారుతుందని కాదు. అడగడానికి ఒక కిటికీ ఉంది, అంతే. వాళ్ళ ఆయుధాలు కొంటున్నాం, ఆ కిటికీ కూడా ఒకసారి చూసిరండి. దానికి డాలర్లు అక్కర్లేదు.

మన దగ్గర ఏం చెయ్యాలో ఒక క్లర్కు బుర్రకి తోచినంత చెబుతాను. రికార్డ్ ఆఫీసులన్నిటికీ ఒక ఉత్తరువు ఇవ్వండి. 1988 తర్వాత రూల్ 13(3) ఐదో అంశం కింద పంపిన జవాన్ల ఫైళ్ళు బయటికి తీసి, విచారణ పేజీ ఉందా లేదా చూడమనండి. ముందు 10 ఏళ్ళ సర్వీసు దాటినవాళ్ళవి తీయండి, వాళ్ళే ఎక్కువ పోగొట్టుకున్నారు. పేజీ లేకపోతే అతను కోర్టుకి రానక్కర్లేకుండా మీరే సరిచెయ్యండి, దూబేకి కోర్టు ఎలా చేసిందో అలాగే. పేజీ ఉంటే దాని కాపీ అతనికి పంపండి, కనీసం చదువుకుంటాడు. ఇంత పని మీ ఆఫీసులకి భారమంటారేమో. ఆ ఆఫీసుల్లో నేను పనిచేశాను సార్. ఫైలు తీసి, ఒక కాగితం ఉందో లేదో చూసి, రిజిస్టర్లో టిక్కు పెట్టడానికి పది నిమిషాలు చాలు. అయిదు నిమిషాల పేషీతో పోయిన బతుక్కి పది నిమిషాలు ఇవ్వలేమా?

మధ్యరకం కేసులుంటాయి. విచారణ జరిగి ఉంటుంది కానీ తుపాను సంగతి రాసుకోరు, ఆసుపత్రి సంగతి అడగరు. వాటికి ఒక బోర్డు కావాలి. అందులో ఒక డాక్టరు, ఒక మాజీ జేసీవో (సుబేదారు స్థాయి అధికారి) ఉండాలి. ఏడాదికి రెండుసార్లయినా విశాఖలో, సికింద్రాబాదులో కూర్చోవాలి. దరఖాస్తు తెల్లకాగితం మీద, ఎవరి భాషలో వాళ్ళు రాసుకోనివ్వాలి. ఆ బోర్డు కనీసం పుస్తకంలో ఆ కారణం గడిలో మాట మార్చగలగాలి. పింఛను రాకపోయినా ఆ గడి మారితే చాలనేవాళ్ళున్నారు. నా దగ్గరకి వచ్చినవాళ్ళలోనే ఇద్దరు అలా అన్నారు.

మా కుర్రాడి దరఖాస్తు ఈ పాటికి మీ రికార్డ్ ఆఫీసులో ఒకదానికి చేరి ఉంటుంది. పోస్టులో పంపాం. ఇంగ్లీషులో రాస్తానన్నాను, వద్దన్నాడు. తనే చెబుతాను, తెలుగులో రాయమన్నాడు. తుపాను దగ్గర మొదలుపెట్టాడు. ఎన్ని కొబ్బరి చెట్లు పడ్డాయో కూడా రాయించాడు, 41. అది అక్కర్లేదేమో తమ్ముడూ అన్నాను. "రాయన్నయ్యా, అప్పుడు ఎవులూ అడగలేదు" అన్నాడు. రాశాను. పోస్టాఫీసు రసీదుని డిశ్చార్జి పుస్తకంలో ఆ పేజీ దగ్గరే పెట్టుకుని, మళ్ళీ టవల్లో చుట్టుకుని, విశాఖ బస్సెక్కాడు. ఆ రాత్రి డ్యూటీ ఉందట.

జవాబు ఏదైనా సరే, ఔనన్నా కాదన్నా, సెక్షన్ 23 ఒకసారి చూసి తెలుగులో కూడా రాయించండి. నా దగ్గరకి రాకుండా అతనే చదువుకుంటాడు.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు క్లర్కు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా